రాబర్ట్ విల్లన్

రాబర్ట్ విల్లన్ (నవంబరు 12, 1757 - ఏప్రిల్ 7, 1812) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు. చర్మవ్యాధులను కంటికి కనిపించే లక్షణాలను బట్టి వర్గీకరించి, చర్మవైద్యం ప్రత్యేక శాస్త్రంగా రూపొందడానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు.

జీవిత విశేషాలు

విల్లన్ యార్క్‌షైర్‌లోని సెడ్‌బర్గ్ సమీపంలో క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబంలో జన్మించాడు. తండ్రి కూడా వైద్యుడే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుండి 1780లో వైద్యపట్టా పొందాడు. కొంతకాలం డార్లింగ్టన్‌లో వైద్యం చేసి, తరువాత లండన్ చేరాడు. 1783 నుండి 1803 వరకు అక్కడి కేరీ వీధిలోని ప్రజా వైద్యశాలలో పనిచేశాడు. అక్కడికి వచ్చే పేద రోగులలో రకరకాల చర్మవ్యాధులను దగ్గరగా పరిశీలించే అవకాశం ఆయనకు కలిగింది.

వర్గీకరణ

ఆ కాలంలో ఒకే వ్యాధికి అనేక పేర్లు, ఒకే పేరుతో అనేక వ్యాధులు వాడుకలో ఉండేవి. ఒక వైద్యుడు వ్రాసినది మరొక వైద్యునికి సరిగా బోధపడేది కాదు. వ్యాధి కారణాలు అప్పటికి తెలియవు కనుక, విల్లన్ చర్మంపై మొదట కనిపించే మార్పునే ఆధారంగా తీసుకొన్నాడు. వియన్నా వైద్యుడు యోసెఫ్ ప్లెంక్ 1776లో ఇదే మార్గంలో 14 తరగతులను ప్రతిపాదించాడు. విల్లన్ వాటిని ఎనిమిదికి కుదించి, ప్రతి పదానికి కచ్చితమైన నిర్వచనం ఇచ్చాడు. అవి: గట్టి చిన్న పొక్కులు, పొలుసులు, దద్దుర్లు, పెద్ద బొబ్బలు, చీముపొక్కులు, నీటిపొక్కులు, బుడిపెలు, మచ్చలు. ఈ కృషికి 1790లో లండన్ వైద్య సంఘం ఫోథర్‌గిల్ బంగారు పతకం బహూకరించింది.

చర్మవ్యాధులపై ఆయన గ్రంథం 1798 నుండి 1808 వరకు రంగుల చిత్రాలతో భాగాలుగా వెలువడింది. అందులో మొదటి నాలుగు తరగతులు మాత్రమే పూర్తయ్యాయి.

లోపాలు

సోరియాసిస్‌ను విల్లన్ స్పష్టంగా వర్ణించినా, దానిలో ఒక రూపానికి 'లెప్రా' అనే పాత పేరునే ఉంచాడు. దీనివల్ల కుష్ఠువ్యాధితో కలిగే గందరగోళం పూర్తిగా తొలగలేదు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా ఆ పేరును విడిచిపెట్టి రెండు రూపాలనూ సోరియాసిస్‌గానే పేర్కొన్నాడు.

మరణం, ప్రభావం

1809లో విల్లన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అనారోగ్యం కారణంగా మదీరా ద్వీపానికి వెళ్ళి, 1812లో అక్కడే మరణించాడు. శిష్యుడు థామస్ బేట్‌మన్ 1813లో ప్రచురించిన గ్రంథంలో ఎనిమిది తరగతులనూ పూర్తిచేశాడు. బేట్‌మన్ వద్ద ఈ పద్ధతిని నేర్చుకొన్న లారాన్ బియెట్ దానిని పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ప్రవేశపెట్టాడు. నేడు వ్యాధులను ప్రధానంగా కారణాలను బట్టి విభజిస్తున్నారు. అయినా చర్మాన్ని పరీక్షించే వైద్యవిద్యార్థి మొదట నేర్చుకొనేది పొక్కు, బొబ్బ, మచ్చల మధ్య ఈ భేదాలనే.