పాడి రైతుల పెద్ద దిక్కు - త్రిభువన్‌దాస్ పటేల్

మీ ఇంట్లో ఆవుగాని గేదెగాని ఉందా? పాలకు మంచి ధర రావాలని మీరు కోరుకుంటారు కదా! కాని ధర ఒక్కటే చాలదు. పశువు కడుపు నిండితేనే పాలకుండ నిండుతుంది. ఈ రెండింటి కోసమూ పాటుపడిన నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్.

ఆయన 1903లో గుజరాత్‌లోని ఆనంద్‌లో రైతు కుటుంబంలో జన్మించారు. గాంధీజీ ప్రభావంతో స్వాతంత్ర్యోద్యమంలో చేరి జైలుకు వెళ్ళారు. ఆ రోజుల్లో ఖేడా జిల్లా పాలను వ్యాపారులు చౌకగా కొని బొంబాయికి పంపేవారు. పాలు నిలవ ఉండవు కనుక రైతులు ఇచ్చినంత పుచ్చుకునేవారు. సర్దార్ పటేల్ సలహాపై 1946లో వారు 15 రోజులు పాలు అమ్మలేదు. త్రిభువన్‌దాస్ ఊరూరా తిరిగి వారిని కూడగట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరయింది. ఆయన దానికి అధ్యక్షులయ్యారు. అదే తరువాత ‘అమూల్’గా పేరుపొందింది. 1949లో ఆనంద్ వచ్చిన యువ ఇంజనీరు కురియన్‌ను ఒప్పించి సంఘంలో నిలుపుకున్నదీ ఆయనే.

ఇక పాల దిగుబడి సంగతి చూద్దాం. సభ్యుల్లో చాలామందికి ఒకటి రెండు గేదెలే ఉండేవి. కొందరికి సెంటు భూమి కూడా లేదు. పశువు తిన్న మేతలో కొంత దాని శరీర పోషణకు పోతుంది. మిగిలినదే పాలుగా మారుతుంది. మేత చాలకపోతే పశువు తన ఒంటిని కరిగించుకొని కొంతకాలం పాలిస్తుంది. తరువాత చిక్కిపోతుంది, ఆలస్యంగా ఎదకు వస్తుంది. పేద ఇంటికి రాబడి ఆగిపోతుంది.

అందుకే సంఘం ఆనంద్ దగ్గర కంజరిలో దాణా కర్మాగారం నిర్మించింది. 1964 అక్టోబరు 31న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దానిని ప్రారంభించారు. తవుడు, నూనెచెక్క, ఖనిజ లవణాల వంటివి తగిన పాళ్ళలో కలిపిన దాణా గ్రామ సంఘాల ద్వారా రైతులకు అందింది. పాలు పోసే చోటనే దాణా దొరికింది.

మీరూ ఈ లెక్క గుర్తుంచుకోండి. పచ్చిమేత, ఎండుమేతలతోపాటు శరీర పోషణకు రోజుకు సుమారు 1 కిలో దాణా పెట్టాలి. ఆపైన ఆవుకు ప్రతి రెండున్నర లీటర్ల పాలకు, గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు మరో కిలో కలపాలి. మంచి పచ్చిమేత బాగా ఉంటే దాణా కొంత తగ్గించవచ్చు.

1963లో త్రిభువన్‌దాస్‌కు, మరి ఇద్దరికి కలిపి మెగసెసే అవార్డు లభించింది. రైతులు అభిమానంతో పోగుచేసి ఇచ్చిన సొమ్ముతో ఆయన 1975లో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ఒక సంస్థను స్థాపించారు. 1994లో మరణించారు.

ఒక వారం పాటు మీ పశువుకు పెట్టిన మేతను, అది ఇచ్చిన పాలను రోజూ రాయండి. పై లెక్కతో పోల్చి చూడండి. ఏం గమనించారు?