రెండు రాజ్యాల నడుమ ఒక సుంకపు అధికారి : సర్ రాబర్ట్ హార్ట్

సుంకపు అధికారి పేరు చరిత్రలో నిలవడం అరుదు. రాజులను, సేనానులను, కవులను లోకం స్మరిస్తుంది. సుంకం వసూలు చేసేవానిని ఎవరు తలచుకుంటారు? మన పెద్దలకు కరోడ్‌గిరి నాకా అంటే మూటలు విప్పి చూపవలసిన చోటు మాత్రమే. అయినను ఒక సామాన్య కుటుంబీకుడు పరాయి దేశంలో సుంకపు శాఖాధిపతియై, దాదాపు అర్ధశతాబ్దం ఆ దేశపు బొక్కసానికి ఆధారంగా నిలిచాడు. ఆయనే సర్ రాబర్ట్ హార్ట్.

హార్ట్ 1835 ఫిబ్రవరి 20న ఐర్లండులోని పోర్టడౌన్ పట్టణంలో జన్మించాడు. పదునెనిమిదవ యేటనే బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. 1854లో బ్రిటిష్ కాన్సులేటు ఉద్యోగిగా చైనా చేరి, నింగ్‌పోలోను, కాంటన్‌లోను పని చేస్తూ చైనా భాషను శ్రద్ధతో అభ్యసించాడు. ఆ భాషాజ్ఞానమే ఆయన భావిజీవితానికి పునాది. 1859లో కాన్సులేటు కొలువు వదలి చైనా కస్టమ్స్ శాఖలో ప్రవేశించాడు.

అప్పటి శాఖాధిపతి హొరేషియో నెల్సన్ లే. అతడు చైనా ప్రభుత్వం కోసం ఇంగ్లండులో ఒక నౌకాదళాన్ని సమకూర్చాడు. కాని దాని సేనాని తన ద్వారా వచ్చిన చక్రవర్తి ఆజ్ఞలను తప్ప మరెవరి మాటా పాటించనక్కరలేదని షరతు పెట్టుకొన్నాడు. జీతమిచ్చే ప్రభుత్వానికి యజమాని కాదలచిన ఆ సేవకుని పెకింగ్ మంత్రులు 1863లో తొలగించారు. ఆ స్థానంలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియుక్తుడైన హార్ట్ వయస్సు అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు.

లే పతనం నుండి హార్ట్ గుణపాఠం నేర్చుకొన్నాడు. 1864లో తన సిబ్బందికి పంపిన ప్రసిద్ధమైన ఉత్తరువులో, తామంతా చైనా ప్రభుత్వ వేతనం తీసుకొనే సేవకులమనీ, ఆ దేశ ప్రజలతోను అధికారులతోను మర్యాదగా మెలగడం తమ విధి అనీ స్పష్టం చేశాడు. ఐరోపా జాతుల అహంకారం పరాకాష్ఠనందుకొన్న ఆ కాలంలో ఇది సామాన్యమైన మాట కాదు.

1865లో సుమారు 80 లక్షల టేళ్ల వెండిగా ఉన్న సుంకపు రాబడి, 1908 నాటికి 3 కోట్లు మించింది. హార్ట్ ఆ ధనంలో కొంత వెచ్చించి సముద్రతీరమంతటా దీపస్తంభాలు నిలిపాడు. విదేశీ భాషలు, శాస్త్రాలు బోధించే పెకింగ్ విద్యాలయానికి పోషణ కల్పించాడు. 1896లో చక్రవర్తి ఉత్తరువుతో ఏర్పడిన తపాలా శాఖను కూడ ఆయనే నిర్వహించాడు.

ఆయన దౌత్యనైపుణ్యానికి ఒక్క ఉదాహరణ చాలును. ఫ్రాన్సుతో యుద్ధం సాగుతుండగా, దీపస్తంభాలకు సామగ్రి చేరవేసే ఫైహూ అనే కస్టమ్స్ ఓడను ఫ్రెంచివారు పట్టుకొన్నారు. దానిని విడిపించే నెపంతో హార్ట్ తన లండన్ ప్రతినిధి కాంప్‌బెల్‌ను పారిస్‌కు పంపాడు. ఓడ గురించి మొదలైన సంభాషణ సంధి ప్రస్తావనగా మారింది. 1885 ఏప్రిల్ 4న చైనా పక్షాన సంధిపత్రంపై సంతకం చేసినవాడు ఆ సుంకపు ఉద్యోగియే. ఆ యేడే బ్రిటన్ తన రాయబారి పదవిని హార్ట్‌కు ఇవ్వజూపగా, ఆయన దానిని కాదని కస్టమ్స్‌లోనే ఉండిపోయాడు.

అయితే ఈ చిత్రానికి నీడలు లేకపోలేదు. విదేశీ సరకులపై నూటికి ఐదు వంతున సుంకాన్ని యుద్ధంలో గెలిచినవారే నిర్ణయించారు. దానిని పెంచే స్వేచ్ఛ చైనాకు లేదు. మన దేశంలో పండి అక్కడికి చేరిన నల్లమందుపై 1887 నుండి పెట్టెకు 110 టేళ్లు ఆయన శాఖయే వసూలు చేసింది. ఉన్నతోద్యోగాలన్నీ విదేశీయులకే దక్కాయి. జపానుతో యుద్ధంలో ఓడిన తరువాత రాబడిలో అధికభాగం విదేశీ అప్పులకు తాకట్టయింది. నమ్మకంగా కాపాడిన బొక్కసం చివరకు ఋణదాతల చేతి తాళమైనది. వ్యక్తిగత జీవితంలోను ఒక మచ్చ ఉంది. యౌవనంలో అయావు అనే చైనా యువతి వలన ముగ్గురు బిడ్డలు కలిగారు. వారిని ఇంగ్లండుకు పంపి పోషణకు ధనమిచ్చాడే కాని, తన బిడ్డలని లోకం ఎదుట చెప్పుకోలేదు.

1900లో బాక్సర్ల తిరుగుబాటు చెలరేగి, పెకింగ్‌లోని విదేశీ రాయబార కార్యాలయాలు ముట్టడికి గురి అయినవి. హార్ట్ ఇల్లు దగ్ధమైంది. ఆయన దినచర్య గ్రంథాలు మాత్రం దక్కాయి. అరువదియైదేండ్ల వృద్ధుడు ముట్టడిలో చిక్కుకొని బ్రతికి బయటపడ్డాడు. అంతటి నష్టం పొందినవాడు పగతో వ్రాయవలసినది. కాని ఆయన వెంటనే వ్రాసిన వ్యాసాలలో ఆ తిరుగుబాటుకు మూలం దేశాభిమానమని చెప్పి, చైనాను పంచుకొనరాదని తన జాతివారినే హెచ్చరించాడు.

1906లో చైనా ప్రభుత్వం కస్టమ్స్‌పై తన మంత్రులను నియమించినపుడు ఆయన నొచ్చుకొన్నాడు. 1908లో సెలవుపై స్వదేశం వెళ్లి, 1911 సెప్టెంబరు 20న ఇంగ్లండులో కన్నుమూశాడు. మరికొన్ని దినాలకే విప్లవం చెలరేగి, ఆయన సేవించిన రాజవంశం కూలిపోయింది. షాంఘై రేవున నిలిపిన ఆయన విగ్రహాన్ని జపాను ఆక్రమణ కాలంలో తొలగించారు. డెబ్బదియేడు సంపుటాల దినచర్య మాత్రం బెల్‌ఫాస్ట్‌లో, ఆయన చదివిన విద్యాసంస్థలోనే భద్రంగా ఉన్నది.

రేపు మన విద్యార్థులలో పలువురు ప్రభుత్వోద్యోగాలలో చేరుతారు. ఇతరుల ధనాన్ని అమానతుగా కాపాడడంలో హార్ట్ మనకు ఆదర్శం. అయితే లెక్క సరిగా చూపినంత మాత్రాన ఉద్యోగధర్మం పూర్తి కాదు. ఆ లెక్క ఎవరి మేలుకోసమో కూడ ప్రశ్నించుకోవాలి. ఈ రెండవ పాఠం ఆయన విజయాల కంటె ఆయన జీవితంలోని నీడల నుండియే మనకు లభిస్తున్నది.