జల్, జంగల్, జమీన్: భీమ్ ఏమడిగాడు?

కొమురం భీమ్ అంటే మా హాస్టల్ పిల్లలకు తుపాకీ పట్టిన విగ్రహమే గుర్తొస్తుంది. తుపాకీ దాకా ఎందుకొచ్చిందో మేము వాళ్లకు చెబుతుంటాం.

భీమ్ 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో, గోండుల ఇంట పుట్టాడు. అప్పటికే నిజాం సర్కారు అడవికి హద్దులు గీసింది. పశువులు మేస్తే పన్ను, కట్టె కొడితే పన్ను, పోడు చేస్తే కేసు. తరతరాలుగా అడవిని కాచినవాళ్లే సర్కారు కంటికి అడవి దొంగలయ్యారు. పండిన పంట తనదేనని వచ్చిన సిద్దిఖీ భీమ్ చేతిలో చనిపోయాడు. భీమ్ అస్సాం తేయాకు తోటలకు పారిపోయాడు.

తిరిగొచ్చి జోడేఘాట్, బాబేఝరి చుట్టూ పన్నెండు గూడేలను కూడగట్టాడు. భూమి పట్టాలతో సరిపెట్టుకోలేదు. నీళ్లు, అడవి కూడా ఊళ్ల చేతిలోనే ఉండాలన్నాడు. అసలు పేచీ అక్కడే. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో సర్కారు తూటాలకు నేలకొరిగాడు.

ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. గోండులకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండీలో చదువు చెప్పే టీచర్లకు శిక్షణ మొదలైంది (టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కదా, ఈ ముక్క వదలం).

అడవి మీద ఊరి హక్కు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టంతోనే కాగితం మీదికొచ్చింది. అందులో పోడు పట్టా సంగతి మన వీర్నపల్లి తండాల్లో అందరికీ తెలుసు. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, పెంచుకునే, తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే సామూహిక హక్కు సంగతి ఎందరికి తెలుసు? ఆ దరఖాస్తు గ్రామసభకే పెట్టాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు, అందులో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లు.