గాజురాతికి వన్నె తెచ్చిన స్వరోవ్‌స్కీ

కొన్ని గాజురాళ్ల హారములను చేతిలోనికి తీసికొని అటునిటు త్రిప్పినచో నీలము పసుపగును, పసుపు గులాబి యగును. గాజులో ఏ రంగును లేదు. అయినను రంగులు మారుచునే యుండును. ఈ వింత వెనుక ఒక గాజు పనివాని కుమారుని సుదీర్ఘ జీవితము కలదు. ఆయనయే డేనియల్ స్వరోవ్‌స్కీ.

ఆయన 1862 అక్టోబరు 24వ తేదీన, ఆస్ట్రియా సామ్రాజ్యములోని బొహీమియాలో గెయోర్గెన్‌తాల్ అను గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు చెక్ దేశమున నున్నది. అడవులును ఏరులును గల ఆ కొండసీమ గాజు పరిశ్రమకు పుట్టినిల్లు. కొలిమికి కట్టెలను అడవి ఇచ్చెను. సానచక్రమును త్రిప్పు నీటిని ఏరు ఇచ్చెను. చేరువనున్న యాబ్లొనెట్స్ పట్టణపు వర్తకులు, ఇంటింట తయారగు పూసలను, గుండీలను, గాజునగలను దేశదేశములకు ఎగుమతి చేయుచుండిరి. డేనియల్ తండ్రియు గాజు సానపట్టు పనివాడే. బాలుడు ఆయన వద్దనే పని నేర్చెను.

అది మిక్కిలి ఓర్పు కోరు పని. ఒక్కొక్క రాతిని చక్రమునకు ఆనించి, పలక తరువాత పలక తీర్చవలెను. పలకల కోణము తప్పినచో, లోన జొచ్చిన వెలుగు కంటికి మరలి రాక ప్రక్కలకు జారిపోవును, రాయి వెలవెలబోవును. 1883లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ప్రదర్శనమును చూచిన ఆ యువకునికి, ఈ శక్తి చేతనే సానచక్రమును త్రిప్పరాదా యను ఆలోచన కలిగెను. ఏండ్ల తరబడి కృషి చేసి, చేతికంటె వేగముగను కచ్చితముగను రాళ్లను తీర్చు యంత్రమును నిర్మించి, 1892లో దానికి పేటెంటు కోరెను.

కాని ఆ యంత్రము పుట్టిన చోటనే పెరుగుట కష్టమయ్యెను. ఇంటింట గాజు పనివారే యున్న సీమలో ఒకరి రహస్యము మరియొకరికి తెలియకుండునా? అనుకరణకు వెరచి, 1895లో ఆయన భాగస్వాములతోను కుటుంబముతోను పుట్టిన నేలను విడిచి, ఆల్ప్స్ పర్వతములలోని టిరోల్ సీమలో వాటెన్స్ గ్రామమునకు తరలెను. అచట యంత్రములకు కావలసిన నీటిశక్తి పుష్కలము. నగలకు గిరాకి గల పారిస్ నగరమునకు రైలు మార్గమును అనుకూలము.

ఇతరుల గాజుపై ఆధారపడుట ఆయనకు నచ్చలేదు. 1908 నుండి కుమారులు ముగ్గురితో గాజు తయారీపై ప్రయోగములు చేసి, 1913 నాటికి స్వంత కొలిమిలో నిర్మలమైన స్ఫటికపు గాజును తీయగలిగెను. 1919లో సానపనిముట్ల పరిశ్రమయు వెలసెను.

1956 జనవరి 23వ తేదీన, తొంబది మూడేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. ఆ యేడే మనుమడు మాన్‌ఫ్రెడ్, పారిస్ వస్త్రశిల్పి క్రిస్టియన్ డియోర్‌తో కలిసి, రంగులు మారు రాతిని వెలువరించెను. ఉత్తరధ్రువపు ఆకాశమున కనబడు వెలుగుల పేరిట దానిని ‘అరోరా బొరియాలిస్’ అనిరి. గాలి తీసివేసిన పేటికలో గాజుపై అతి పలుచని పొరను పట్టించెదరు. పొర పైభాగమునుండి మరలిన కాంతియు, అడుగునుండి మరలిన కాంతియు కలిసినపుడు కొన్ని రంగులు బలపడును, కొన్ని అణగిపోవును. చూచు కోణము మారిన, రంగు మారును. సబ్బుబుడగపై కనబడు వన్నెలును ఇట్టివే.

ఆయన విడిచిన సీమ మాటయేమి? రెండవ ప్రపంచయుద్ధము ముగియగా అచటి జర్మను భాషీయులు వెడలగొట్టబడిరి. వారిలో కొందరు బవేరియాలో నోయ్‌గాబ్లోంట్స్ అను క్రొత్త ఊరు కట్టి, పాత విద్యను నిలుపుకొనిరి. చెక్ దేశమును మరి ఐదు దేశములును కోరగా, 2023లో యునెస్కో చేతి గాజుపనిని మానవజాతి వారసత్వముగా గుర్తించెను. యంత్రము వచ్చినను చేతివిద్య నశింపలేదు. ఆ యంత్రమును కన్నదియు ఆ చేతివిద్యయే గదా!