పునీత జెలీ మార్టిన్: దాంపత్యంలో దొరికిన పవిత్రత

చేతిలో సిలువ, సిలువను కప్పిన గులాబీలు. పునీత చిన్న తెరేజమ్మ స్వరూపాన్ని చూడని కతోలిక విశ్వాసులు మనలో అరుదు. ఆమెను కన్న తల్లి గురించి తెలిసినవారు మాత్రం తక్కువే. ఆ తల్లి పేరు జెలీ మార్టిన్. కేవలం తెరేజమ్మకు తల్లి అయినందుకు శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించలేదు. భర్తతో ఆమె చేసిన పందొమ్మిదేళ్ళ కాపురమే ఆమెను పీఠం మీదికి చేర్చింది.

జెలీ 1831 డిసెంబరు 23న ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో జన్మించారు. ఇంట్లో భక్తి ఎక్కువ, ముద్దుమురిపాలు తక్కువ. చిన్నతనంలో ఆడుకోవడానికి ఒక బొమ్మ కూడా ఉండేది కాదట. పెద్దయ్యాక రోగులకూ పేదలకూ సేవచేసే కన్యాస్త్రీ కావాలని ఆశపడి అలాన్సోన్ పట్టణంలోని మఠానికి వెళ్ళారు. ఇది నీ పిలుపు కాదంటూ మఠాధికారిణి ఆమెను తిప్పి పంపారు. జెలీ ఎంతో బాధపడ్డారు. అయితే వివాహమే తనకు దేవుడు చూపిన దారి అయితే, తనకు చాలామంది బిడ్డలను ఇచ్చి, వారందరినీ తనకే అంకితం చేసుకోమని ప్రభువును వేడుకున్నారు.

అలాన్సోన్ ఆనాడు సూదితో కుట్టే లేసుకు పేరుమోసిన ఊరు. జెలీ ఆ పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళకే సొంత వ్యాపారం మొదలుపెట్టారు. ఇళ్ళలో ఉండి పనిచేసే స్త్రీలు కుట్టి తెచ్చిన ముక్కలను, కుట్టు కనబడకుండా తానే కలిపేవారు.

అదే ఊళ్ళో లూయీ మార్టిన్ అనే గడియారాల పనివాడు ఉండేవారు. ఆయనదీ అలాంటి కథే. ఆల్ప్స్ పర్వతాల మీది సెయింట్ బెర్నార్డ్ మఠంలో చేరబోతే, లతీను భాష రాదని వెనక్కి పంపారు. పరిచయమైన మూడు నెలలకే, 1858 జూలై 13న, అర్ధరాత్రి వేళ వారి వివాహం దేవాలయంలో జరిగింది. ఆ రోజే జెలీ, మఠంలో ఉన్న తన అక్కను చూడటానికి వెళ్ళి, వెక్కి వెక్కి ఏడ్చారు. తనకు దక్కని మఠజీవితం ఆమెను అంతగా కలచివేసింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. మరియతల్లి, జోజప్పగార్ల వలె అన్నాచెల్లెళ్ళలా జీవిద్దామని లూయీ కోరారు. జెలీ ఒప్పుకున్నారు. పది నెలలు అలాగే గడిచాయి. అదే గొప్ప పవిత్రత అని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు. చివరకు ఒక గురువు వారికి హితవు చెప్పారు. వారు ఆ మాట విని, భార్యాభర్తలుగా కాపురం మొదలుపెట్టారు.

ఆ గురువు చెప్పింది కొత్త బోధ కాదు. స్త్రీపురుషులను సృష్టించినవాడే వారిని ఏకశరీరులుగా జతపరిచాడు. దంపతుల కలయిక మురికి పని కాదు, బలహీనతకు ఇచ్చిన మినహాయింపు కూడా కాదు. వారిని ఒకరికొకరిని అంకితం చేసి, కొత్త ప్రాణానికి ద్వారం తెరిచే దైవదానం అది. ఇద్దరూ ఇష్టపడి కొంతకాలం నిగ్రహం పాటిస్తే శ్రీసభ కాదనదు. కన్యత్వం పిలుపు పొందినవారికి గొప్ప వరమే. అయితే ఒకరికి దేవుడిచ్చిన పిలుపును మరొకరు అరువు తెచ్చుకోలేరు. మార్టిన్ దంపతులు నేర్చుకున్నది అదే.

వారికి తొమ్మిదిమంది బిడ్డలు పుట్టారు. 1867కూ 1870కూ మధ్య నలుగురిని సమాధి చేశారు. ఇద్దరు మగపిల్లలు పసివారిగానే పోయారు. ఎలెన్‌కు ఐదేళ్ళు నిండి కొన్ని నెలలే. ఈ బిడ్డలు పుట్టకపోయినా బాగుండేదని కొందరు ఓదార్చబోతే, జెలీ ఆ మాటను అంగీకరించలేదు. పరలోకంలో వారిని తిరిగి కలుసుకుంటానన్నదే ఆమె నిబ్బరం. 1870లో లూయీ తన గడియారాల దుకాణాన్ని అమ్మి, భార్య లేసు వ్యాపారానికి సాయంగా నిలిచారు. భార్య పనికి తోడు కావడం తన మగతనానికి చిన్నతనమని ఆయన అనుకోలేదు. జెలీ ఉత్తరాలు రెండు వందలకు పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. భర్త దగ్గర లేనప్పుడు ఆమె పడిన బెంగ వాటిలో దాపరికం లేకుండా కనిపిస్తుంది.

జెలీకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసేసరికి ఆలస్యమైంది. 1877 జూన్‌లో ముగ్గురు కూతుళ్ళతో లూర్దుకు యాత్ర చేశారు. స్వస్థత కలగలేదు. ఆగస్టు 28న, 45 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తెరేజమ్మకు అప్పటికి నాలుగేళ్ళు. లూయీ ఐదుగురు ఆడపిల్లలతో లిసియూ పట్టణానికి మారారు. ఆ ఐదుగురూ మఠాల్లో చేరారు. తల్లి చేసిన ప్రార్థన అలా నెరవేరింది.

2015 అక్టోబరు 18న, రోములో కుటుంబంపై మేత్రాణుల సినడు జరుగుతున్న రోజుల్లో, ఫ్రాన్సిస్ పాపుగారు వీరిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. శ్రీసభ ఒక జంటను కలిపి ఈ గౌరవానికి ఎంచడం అదే మొదటిసారి. వారి ఉత్సవం జూలై 12.

మన ఇళ్ళలో దాంపత్యం గురించి రెండు తప్పులు జరుగుతున్నాయి. కొందరం దాన్ని సిగ్గుపడవలసిన విషయంగా దాచి, పెళ్ళీడు పిల్లలకు ఏమీ చెప్పకుండానే పందిట్లో కూర్చోబెడుతున్నాం. మరికొందరం దాన్ని భర్తకు దక్కిన హక్కుగా చూసి, భార్య మనసును పట్టించుకోవడం లేదు. రెండింటిలోనూ పోయేది ప్రేమే. కాపురంలో అలసిపోయి, మఠంలో ఉంటే దేవునికి దగ్గరయ్యేదాన్నని ఏ అమ్మ అయినా అనుకుంటుంటే, ఆమె జెలీని తలచుకోవాలి. వంటింటిలో, పసిబిడ్డ పక్కన, భర్త భుజం మీద తల వాల్చిన వేళ కూడా ప్రభువు ఆమెతోనే ఉన్నాడు. దంపతులారా, ఈ రాత్రి ఇద్దరూ కలిసి ఒక్క పరలోక జపమైనా చెప్పుకొని నిద్రపోండి. పునీత జెలీ, లూయీ మీ కోసం ప్రార్థింతురు గాక.