చేతి బలం లెక్కించడం నేర్పిన గోరెన్

మన నెల్లూరు తీరంలో సాయంత్రం వేళ బ్రిడ్జి ఆడే పింఛనుదారు మిత్రుల కోసం చార్లెస్ గోరెన్ గారి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1901లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. కెనడాలో లా చదివే రోజుల్లో తన ఆట చూసి ఒకామె నవ్విందని, పట్టుదలతో పుస్తకాలు చదివి బ్రిడ్జి నేర్చారు. 1936లో వకీలు వృత్తి మానుకున్నారు. 1950లో తొలి బెర్ముడా బౌల్ గెలిచిన అమెరికా జట్టులో ఆయన ఒకరు. 1991లో కాలధర్మం చెందారు.

మిల్టన్ వర్క్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కను విస్తరించి ఇంటింటికీ చేర్చిన ఘనత గోరెన్‌ది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. తురుపు ఆటలో ఏదైనా రంగులో రెండే ముక్కలుంటే 1, ఒక్కటే అయితే 2, అసలు లేకుంటే 3 కలుపుకోవాలి. 13 ఉంటే పాట మొదలుపెట్టవచ్చు. పార్టనర్లిద్దరికీ కలిపి 26 ఉంటే గేమ్‌కు వెళ్ళవచ్చు.

డమ్మీ ముక్కలు పరవగానే ఖాయంగా వచ్చే పట్లను నేను ముందే లెక్కపెట్టుకుంటాను. జీతాల బిల్లులు కూడిన మనకు ఇదేమంత కష్టం కాదు. లెక్క తెలిస్తే పార్టనరుతో తగవు ఉండదు. ఈ వయసులో నాలుగో మనిషి దొరకడమే కష్టం గదా!