కార్యక్రమం చివర ఒక కీర్తన

ఈ పేజీలో మేము ఎక్కువగా మిషనరీల గురించి, సంఘ సంస్కర్తల గురించి, కీర్తనకారుల గురించి రాస్తుంటాం. ఈ వారం ఒక కంట్రీ గాయకుని గురించి రాస్తున్నాం. కంట్రీ సంగీతమంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెపాట. గిటారు, ఫిడేలు, బాంజో, వాటి మధ్య కష్టజీవుల కథలు. ఆ పాటలు పాడి, టీవీలో జనాన్ని నవ్వించి, బొగ్గుగని కూలీ పాటతో లోకమంతటికీ తెలిసిన టెనెస్సీ ఎర్నీ ఫోర్డ్ ఆయన. ఆయన చనిపోయి మూడు దశాబ్దాలు దాటింది.

ఎర్నెస్ట్ జెన్నింగ్స్ ఫోర్డ్ 1919 ఫిబ్రవరి 13న బ్రిస్టల్ అనే ఊళ్లో జన్మించారు. అదొక వింత ఊరు. పెద్ద వీధి నడిమధ్యగా రాష్ట్ర సరిహద్దు పోతుంది. ఒక వరస అంగళ్లు టెనెస్సీవి, ఎదుటి వరస వర్జీనియావి. 1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే ఆయన రికార్డింగ్ యంత్రాలు తెచ్చి ఆ వీధిలోనే దించి, చుట్టుపక్కల కొండల్లోని పాటగాళ్లను పిలిపించి పాడించారు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ తొలిసారి రికార్డుకెక్కింది అక్కడే. కంట్రీ సంగీతానికి అది పుట్టినిల్లని చెబుతారు. అప్పటికి మన ఎర్నీకి ఎనిమిదేళ్లు.

తండ్రి క్లారెన్స్ తపాలా శాఖలో పనిచేసేవారు. తల్లి పేరు మాడ్. మెథడిస్టు సంఘానికి చెందిన కుటుంబం, పాటలంటే ప్రాణం. పిల్లవాడు పాట నేర్చుకున్నది గుడి బల్ల మీద అమ్మానాన్నల మధ్య కూర్చునే. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాం, ఎందుకంటే ముప్పై ఏళ్ల తరువాత ఆయన పట్టుబట్టి నిలబెట్టుకున్నది ఆ బల్ల మీద నేర్చుకున్నదానినే.

గొంతు మారే వయసు దాటేసరికి ఆయనకు లోతైన మంద్రస్వరం వచ్చింది. 1937లో బ్రిస్టల్ రేడియో కేంద్రంలో ప్రకటనలు చదివే ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 10 డాలర్లు. 1939లో సిన్సినాటి వెళ్లి సంగీత విద్యాలయంలో శాస్త్రీయ గానం అభ్యసించారు. ఇంతలో యుద్ధం వచ్చింది. సైన్యం ఆయనను విమాన దళంలోకి తీసుకుని కాలిఫోర్నియా పంపింది. బాంబులు వేసేవారికి గురి నేర్పే శిక్షకునిగా అక్కడ పనిచేశారు. 1942లో బెట్టీ హెమింగర్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు కుమారులు.

యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోనే శాన్ బెర్నార్డినో రేడియోలో చేరారు. ఒకే మనిషి అక్కడ రెండు వేషాలు కట్టారు. వార్తలు చదివేటప్పుడు ఆయన ఎర్నీ ఫోర్డ్, చదువుకున్నవారి ఇంగ్లీషు, నిదానమైన గొంతు. పల్లెపాటల కార్యక్రమంలో మాత్రం కొండప్రాంతపు యాసలో అరుస్తూ, హాస్యాలాడుతూ టెనెస్సీ ఎర్నీ అనే పాత్రగా మారిపోయేవారు. శ్రోతలకు ఆ పాత్రే నచ్చింది. చివరికి పేరుగా కూడా అదే నిలిచింది. తనను తాను బఠాణీలు కోసుకునే ముసలి పల్లెటూరివాడినని చెప్పుకుని నవ్వించేవారు. ఆ వేషం వెనుక సంగీత విద్యాలయంలో సాధన చేసిన గాయకుడున్నాడని చాలామంది గ్రహించలేదు. ఆ వేషం వెనుక ఇంకేముందో ఆ తరువాత కూడా చాలాకాలం ఎవరూ అడగలేదు.

పసడీనా రేడియోకు మారాక క్లిఫీ స్టోన్ అనే సంగీత నిర్వాహకుని స్నేహం దొరికింది. 1949లో క్యాపిటల్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే మ్యూల్ ట్రైన్, మరుసటి ఏడాది షాట్‌గన్ బూగీ పాటలు కంట్రీ పట్టికల్లో మొదటి స్థానానికి వెళ్లాయి. 1953లో లండన్ పెల్లేడియం వేదిక మీద పాడారు. 1954లో ఐ లవ్ లూసీ అనే పేరుమోసిన హాస్య ధారావాహికలో పల్లె నుంచి దిగిన చుట్టంగా కనిపించి ఇంటింటికీ పరిచయమయ్యారు. ఇవన్నీ ఒక ఎత్తు, 1955లో వచ్చిన ఒక్క పాట ఒక ఎత్తు.

ఆ పాట సిక్స్‌టీన్ టన్స్. రాసింది మెర్ల్ ట్రావిస్, 1946లో తానే పాడి రికార్డు చేశారు. ఆయన కెంటకీ బొగ్గుగనుల ప్రాంతంవాడు, తండ్రి గనిలో పనిచేసినవాడు. ఆ గనుల్లో ఒక పద్ధతి ఉండేది. కంపెనీ కూలీకి కూలి డబ్బుగా కాక చీటీలుగా, బిళ్లలుగా ఇచ్చేది. అవి కంపెనీ సొంత దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లవు. ధర నిర్ణయించేది కంపెనీ, ఖాతా రాసేది కంపెనీ. ఇల్లూ కంపెనీదే. నెల తిరిగేసరికి కూలీ చేతికి వచ్చేది ఇంకాస్త బాకీ. అప్పు కింద జీతానికి కుదిరిన తాతలు మన సంఘాల్లో ఎంతోమంది కుటుంబాల్లో ఉన్నారు. కనుక ఈ లెక్క మన పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఫోర్డ్ ఈ పాటను 1955 సెప్టెంబరులో రికార్డు చేశారు. ఒక క్లారినెట్, కొన్ని వాయిద్యాలు, ఆయన చిటికెల చప్పుడు. లయ చూపించడానికి వేసిన చిటికెలను తీసివేయకుండా అలాగే ఉంచేశారు. రికార్డు రెండవ వైపున వేసిన పాట అది, మొదటి వైపు మరొకటి. అక్టోబరు 17న విడుదలైంది. నెల తిరగకముందే 10 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. డిసెంబరు సగానికి 20 లక్షలు. కంట్రీ పట్టికలోనే కాదు, మొత్తం అమెరికా పాటల పట్టికలోనూ వారాల తరబడి మొదటి స్థానం దానిదే. బాకీలో పుట్టి బాకీలో పోయే కూలీ పాటను దేశమంతా డబ్బిచ్చి కొనుక్కుంది.

ఆ గెలుపుతో టీవీ సంస్థలు తలుపు తట్టాయి. 1956 అక్టోబరు 4న ఎన్‌బీసీలో గురువారం రాత్రుల అరగంట కార్యక్రమం మొదలైంది. పేరు ది ఫోర్డ్ షో. ప్రాయోజకులు ఫోర్డ్ మోటార్ కంపెనీ వారు. ఆ కార్ల ఫోర్డ్‌కూ ఈ పాటల ఫోర్డ్‌కూ చుట్టరికమేమీ లేదు, పేరు అలా కలిసింది. పాటలు, పేరున్న అతిథులు, హాస్య నాటికలు, వాటి మధ్య నిర్వాహకునిగా ఎర్నీ. అంతవరకు ఆ రోజుల్లోని ఏ కార్యక్రమమైనా అంతే.

అయితే ఎర్నీ ఒక షరతు పెట్టారు. ప్రతి కార్యక్రమం కీర్తనతో ముగియాలన్నారు. టీవీవారు ఇష్టపడలేదు. వారి భయంలో అర్థం లేకపోలేదు. చూసేవారిలో రకరకాల మతాలవారు, ఏ మతమూ లేనివారు ఉన్నారు. నవ్వించి నవ్వించి ఒక్కసారిగా దేవుని పాట పాడితే విమర్శలు వస్తాయేమో, ప్రకటన ఇచ్చేవారికి ఇబ్బంది అవుతుందేమో. కానీ ఎర్నీ వెనక్కి తగ్గలేదు. కొంతకాలం గడిచేసరికి ఆ కార్యక్రమంలో జనం అందరికన్నా ఎక్కువగా ఇష్టపడింది ఆ చివరి కీర్తననే.

ఈ సంగతి మమ్మల్ని చాలాకాలంగా ఆలోచింపజేస్తూ ఉంది. ఆయన ప్రసంగం చేయలేదు. సాక్ష్యం చెప్పలేదు. ఎవరినీ చేతులెత్తమనలేదు. సంగీత కచేరీలా సాగదీయనూ లేదు. గుడిలో మామూలు ఆదివారం ఎలా పాడతారో అలా, మాట తెలిసేలా, రాగం మీద రాగం తీయకుండా పాడారు. శాస్త్రీయ శిక్షణ ఉన్న గొంతు కావాలనుకుంటే ఎన్నో గమ్మత్తులు చేయగలదు. చేయకపోవడంలోనే ఆయన భక్తి కనిపిస్తుంది. మన ఆరాధనల్లో మైకు పట్టుకునే యౌవనస్థులు ఆ రికార్డులు ఒకటి రెండు వింటే బాగుంటుందని మా కోరిక.

1956లోనే హిమ్స్ అనే పేరుతో కీర్తనల ఆల్బమ్ వచ్చింది. రాక్ ఆఫ్ ఏజెస్, ది ఓల్డ్ రగ్గెడ్ క్రాస్ వంటి పాత పాటలే అందులో ఉన్నాయి. మిషనరీల వెంట ఆ రాగాలు మన దేశానికీ వచ్చాయి. తెలుగు మాటలు కట్టుకుని మన పల్లె గుళ్లలో ఇవాళ్టికీ వినిపిస్తున్నాయి. ఆ ఆల్బమ్ అమెరికా పట్టికలో 277 వారాలు నిలిచింది. అంటే ఐదేళ్లకు పైమాట. 1964లో వచ్చిన గ్రేట్ గాస్పెల్ సాంగ్స్ ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం లభించింది. చూస్తుండగానే గని కూలీ పాట ఎర్నీ కీర్తనల ఎర్నీ అయిపోయారు.

ది ఫోర్డ్ షో 1961 జూన్ 29న ఆగింది. ఆదరణ తగ్గి కాదు, ఆయనే చాలించుకున్నారు. కుటుంబంతో గడపాలని ఉత్తర కాలిఫోర్నియాకు మకాం మార్చారు. 1962 నుంచి 1965 వరకు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఏబీసీలో పగటిపూట కార్యక్రమం నడిపారు. ఆ తరువాత అప్పుడప్పుడు ప్రత్యేక కార్యక్రమాలు, రికార్డులు. 1984లో అధ్యక్షుడు రీగన్ చేతుల మీదుగా దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నారు.

క్రైస్తవ పత్రికల్లో వచ్చే జీవిత చరిత్రలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతాయి. మేమూ అలాంటివి ఎన్నో రాశాం. ఈసారి ఆపబోవడం లేదు.

ఆ ఇంట్లో మద్యం ఉంది. భార్యాభర్తలిద్దరికీ ఆ బాధ ఉంది. 1960వ దశకం నుంచే బెట్టీ తాగుడుతోనూ, మనోవేదనతోనూ నలిగిపోయారు. ఎర్నీ తాగుడు కూడా ఆ దశకంలోనే ముదిరింది. ఎంత తాగినా పనికి లోటు రానిచ్చేవారు కాదు. అందుకే బయటివారికి తెలియలేదు. 1970ల నాటికి ఆరోగ్యం, ముఖం, చివరికి ఆ గొంతు కూడా దెబ్బతిన్నాయి. వైద్యులు కాలేయం చెడిందని చెప్పి, మానమని పదేపదే హెచ్చరించారు. ఆయన మానలేదు. ఆ ఇంటి కథను పెద్ద కుమారుడు 2008లో ఒక పుస్తకంగా రాశారు. తండ్రిని ప్రేమించిన కొడుకే దాచకుండా చెప్పినప్పుడు, దాచే హక్కు మాకు లేదు.

1989 ఫిబ్రవరిలో బెట్టీ మరణించారు. వ్యసనమే ఆమెను తీసుకుపోయింది. 47 ఏళ్లకు దగ్గరపడిన కాపురం. అదే ఏడాది ఎర్నీ మరల వివాహం చేసుకున్నారు.

ఇది చదివి, అయితే ఆ కీర్తనలన్నీ నటనేనా అని అడిగేవారుంటారు. మేమలా అనుకోవడం లేదు. నటనకు ఎవరూ టీవీ సంస్థతో పేచీ పెట్టుకోరు. కీర్తన వద్దని చెప్పింది లోకం, కావాలని అడిగింది ఆయన. అలాగని తాగుడు చిన్న విషయమనీ అనలేం. దాని వలన ఒక స్త్రీ ప్రాణం పోయింది, ఇద్దరు పిల్లల బాల్యం చెదిరింది. కీర్తన నిజం, సీసా నిజం. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడం మాకు చేతకావడం లేదు.

మమ్మల్ని బాధించేది ఇంకొకటి. లక్షలమంది ఆయన పాడిన కీర్తన విని ఓదార్పు పొందారు. ఆయనను ఓదార్చడానికి ఆ ఇంటి గడప తొక్కినవారెందరు? మేము కాపరిగా ఉన్న ఒక సంఘంలో పాటలు నడిపించే సహోదరుడు ఒకరు ఉండేవారు. ఆదివారం హార్మోనియం ముందు కూర్చుంటే గుడి నిండిపోయేది. కొన్ని ఆదివారాలు ఆయన దగ్గరకు వెళ్తే వాసన వచ్చేది. మాకు తెలుసు, పెద్దలకూ తెలుసు. పాట బాగా సాగుతోంది కదా అని ఊరుకున్నాం. పండుగకు ఏ పాటలు పాడదామని అడగడానికి వారింటికి ఎన్నిసార్లో వెళ్లాం, ఎలా ఉన్నావు తమ్ముడూ అని అడగడానికి ఒక్కసారీ వెళ్లలేదు. అడిగే రోజు వచ్చేసరికి ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. కళ్లు పచ్చబడి ఉన్నాయి. మాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు.

ఎర్నీ ఫోర్డ్ చివరి సంవత్సరాలు గౌరవాలతోనే గడిచాయి. 1990లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు బుష్ వైట్ హౌస్‌లో ఇచ్చిన అధికారిక విందుకు ఆహ్వానం అందింది. వెళ్లారు. తిరుగు ప్రయాణంలో డల్లెస్ విమానాశ్రయం దగ్గర కూలిపోయారు. పక్కనే వర్జీనియాలోని రెస్టన్ పట్టణ ఆసుపత్రిలో చేర్చారు. కాలేయం పూర్తిగా పాడైపోయింది. 1991 అక్టోబరు 17న, 72వ ఏట, కన్నుమూశారు. సిక్స్‌టీన్ టన్స్ విడుదలైన తేదీ అదే. సరిగ్గా 36 ఏళ్లు.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆయన సమాధి ఉంది. మూడేళ్ల తరువాత, 1994లో, సువార్త గీతాల హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ ఆయనను చేర్చారు. పాత టీవీ కార్యక్రమాల రికార్డులు కొన్ని ఇప్పటికీ చూడవచ్చు. నలుపు తెలుపు బొమ్మ, సన్నని మీసం. అరగంట సేపు నవ్విస్తారు. ఆపైన కాసేపు నవ్వు ఆపి, నిలబడి, పాడతారు.